తుమ్మముళ్ల గీతలు పడిన బండి: రంగు వేయించాలా, అలాగే ఉంచాలా?

నల్లబండి (చాండ్లర్, అరిజోనా):

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ మీ రాతలు చదువుతున్నాను. నేను రాయడం మాత్రం ఇదే మొదటిసారి. నెల రోజులుగా ఒక విషయం మనసులో తిరుగుతోంది. ఇంట్లో చెబితే "అడవిలోకి ఎవరు వెళ్లమన్నారు?" అంటారు. కొండదారుల్లో బండి నడిపేవారికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదని ఇక్కడ రాస్తున్నాను.

నవంబరులో 2021 మోడల్ టయోటా టకోమా ట్రక్కు కొన్నాను. కొండదారుల కోసం చేసిన టీఆర్‌డీ ఆఫ్‌రోడ్ రకం, నాలుగు తలుపులది, నలుపు. పాతబండే అయినా అమ్మినాయన తారు రోడ్డు దిగినట్టు లేదు, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. మారికోపాలోని గణపతి గుడికి తీసుకువెళ్లి పూజ చేయించాం. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పూజారిగారు బానెట్ మీద పసుపుతో ఓంకారం రాసి కుంకుమ బొట్లు పెడితే, అవి చెరిగిపోతాయని మా ఆవిడ రెండు వారాలు నన్ను బండి కడగనివ్వలేదు. ఆ బండి మీద మా ఇంట్లో ఎంత ప్రేమో మీకు తెలియాలని ఇది చెబుతున్నాను.

మార్చిలో మూడు బండ్ల మిత్రులతో కలిసి బుల్‌డాగ్ కాన్యన్‌కు వెళ్లాం. టోంటో జాతీయ అరణ్యం వారి అనుమతి తీసుకుని, గేటు తాళం తీసి లోపలికి వెళ్లిన మొదటి అరగంట స్వర్గంలా ఉంది. పక్కనే సగువారో జెముడు స్తంభాలు, దూరంగా ఫోర్ పీక్స్ శిఖరాలు, మా పాప వెనక సీట్లోంచి తల బయట పెట్టి ఒకటే కేరింతలు. తరువాత ఒక ఎండిన వాగులోంచి పైకి ఎక్కేచోట దారి ఇరుకైంది. రెండు వైపులా క్యాట్‌క్లా అనే ముళ్లపొదలు, మెస్కీట్ ముళ్లచెట్ల కొమ్మలు. ముందు బండి వెళ్లిపోయింది, వెనక ఇంకో బండి ఉంది. కిటికీ అద్దాలు ఎత్తి పోనిచ్చాను.

ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. చిన్నప్పుడు బడిలో పలక మీద బలపాన్ని నిలువుగా నొక్కి గీస్తే ఒళ్లు జలదరించేది చూడండి, అచ్చం అలాంటిదే. ముందు తలుపు దగ్గర మొదలై, వెనక తలుపు మీదుగా, వెనక సామాను తొట్టి చివరి దాకా. మా ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. పాప కేరింతలు ఆగిపోయాయి.

పైకి ఎక్కాక దిగి చూశాను. కుడివైపంతా తెల్లటి గీతలు. కొన్ని దారపు పోగుల్లా సన్నగా ఉన్నాయి, కొన్ని సుద్దముక్కతో గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. నల్లబండి కదా, ప్రతి ఒక్కటీ కనిపిస్తోంది. మా మిత్రుడు వచ్చి భుజం తట్టి, "అరిజోనా పిన్‌స్ట్రైప్ పడింది, ఇప్పుడు బండి నీదయింది" అన్నాడు. ముళ్లపొదల గీతలను ఇక్కడ సరదాగా అలా అంటారు. అందరూ సంతోషంగా ఫొటోలు తీశారు. నేనూ నవ్వాను గానీ ఇంటికి వచ్చేదాకా కడుపులో ఏదో బరువుగానే ఉంది.

ఒక బాడీ షాపులో చూపిస్తే కుడివైపు మొత్తం రంగు వేయడానికి 2,800 డాలర్లు అన్నారు. మళ్లీ అదే దారిలో వెళితే మళ్లీ అంతే కదా?

ఇంకో సంగతి ఉంది. వచ్చే వారం మా నాన్న వస్తున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ బాడీలకు రంగులు వేసిన మనిషి. ఇంజిను చప్పుడు వినకముందే రంగు చూసి బండి యజమాని ఎలాంటివాడో చెప్పేవారు. ఆయన కంట్లో పడకముందే వేయించేద్దామా అనిపిస్తోంది.

అనుభవం ఉన్నవారిని అడుగుతున్నాను. తమ బండి గీతలను, సొట్టలను చూపించి గర్వపడేవారు నిజంగానే గర్వపడుతున్నారా, లేక వేరే దారి లేక సర్దుకున్నారా? మీరు మీ బండ్లను ఎలా చూసుకుంటున్నారు?


ఇసుకతిన్నె (లాస్ వెగాస్):

తమ్ముడూ, మొదటి గీతకు బాధపడనివాడిని నేను ఇంతవరకు చూడలేదు. రంగు వేయించే ముందు ఒక పని చెయ్యి. బండి శుభ్రంగా కడిగి, ఆరాక, గీతకు అడ్డంగా గోరు నెమ్మదిగా నడిపి చూడు. గోరు జారిపోతోందా, గీతలో పడి ఆగుతోందా? అది చెప్పు, మిగతాది మాట్లాడుకుందాం.


నల్లబండి (చాండ్లర్, అరిజోనా):

అన్నా, ఇప్పుడే చూసి వచ్చాను. చాలావాటి మీద గోరు జారిపోతోంది. వెనక తలుపు పిడి కింద రెండింటిలో మాత్రం ఆగుతోంది. అక్కడ లోపల బూడిద రంగు కనిపిస్తోంది. మిగతావన్నీ తెల్లగానే ఉన్నాయి.


కొండబాట (మెసా, అరిజోనా):

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి నిన్న రాత్రే రాద్దామనుకున్నాను. కొంచెం పెద్దగా రాయాలని ఆగాను. నేను ఈ ఎడారి దారుల్లో తిరగడం మొదలుపెట్టి పదిహేనేళ్లు దాటింది. నువ్వు చెప్పిన ఆ వాగు మలుపు నాకు బాగా తెలుసు.

ముందు నీ బండి సంగతి. ఫ్యాక్టరీ రంగు మొత్తం మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే రెండు తలవెంట్రుకలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. అంతలోనే నాలుగు పొరలు ఉంటాయి. రేకును తుప్పు నుంచి కాపాడే పొర అడుగున, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఆ పై పొర 40, 50 మైక్రాన్లు ఉంటుంది. నీకు తెల్లగా కనిపిస్తున్నది రంగు పోయిన చోటు కాదు. క్లియర్ కోట్ చీలి, ఆ అంచుల మీద వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. అందుకే నల్లబండి మీద అంత భయంకరంగా ఉంటుంది, తెల్లబండి మీద అదే గీత వెతుక్కోవాలి. గోరు జారినవన్నీ పాలిష్‌తో చాలావరకు పోతాయి. అయితే పాలిష్ చేసిన ప్రతిసారీ ఆ పై పొరలోంచి కొంత అరిగిపోతుంది. ప్రతి యాత్రకూ పాలిష్ పట్టిస్తే నాలుగేళ్లకు కాపాడుకోవలసిన పొరే మిగలదు. నేను ఏడాదికి ఒక్కసారి, వేసవి మొదట్లో చేస్తాను. గోరు ఆగిన ఆ రెండింటికి మాత్రం వెంటనే టచప్ రంగు వెయ్యి. డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద అంటించిన కాగితంలో రంగు సంఖ్య ఉంటుంది. టయోటా మిడ్‌నైట్ బ్లాక్ అయితే 218. దానికి 2,800 డాలర్లు అక్కరలేదు.

ఇక అసలు విషయం. గర్వమా, సర్దుబాటా అని అడిగావు. నాకు గర్వమూ లేదు, సర్దుబాటూ కాదు. ఎందుకో చెప్పడానికి నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

2014లో నాకు కొత్త బండి వచ్చింది. ఫోర్ పీక్స్ కింది వైపు ఒక పక్కదారిలో వెళుతుంటే, పాలో వెర్డే చెట్టు కొమ్మ ఒకటి దారి మీదికి వాలి ఉంది. పోనిస్తే ఎడమవైపు తలుపులు రెండూ గీసుకుంటాయి. కుడివైపు చూస్తే చదునైన నేల, పొదలు కూడా లేవు. నాలుగు గజాలు పక్కకు తిప్పి, చెట్టు చుట్టూ తిరిగి మళ్లీ దారి ఎక్కాను. బండి మీద ఒక్క గీత పడలేదు, చాలా తెలివైన పని చేశాననుకున్నాను. నా వెనక వచ్చిన ఇద్దరూ నా చక్రాల జాడలోనే వచ్చారు.

మరుసటి ఏడు మళ్లీ వెళితే అక్కడ దారులు రెండు. చెట్టు కిందిది పాతది, చెట్టు పక్కది నాది. నాది వెడల్పుగా, నున్నగా, అందరికీ నచ్చేలా తయారైంది. మూడో ఏట వాన నీళ్లు ఆ జాడలోకి మళ్లి మోకాలి లోతు కోసేశాయి. దాన్ని తప్పించుకోవడానికి ఎవరో ఇంకా పక్కకు వెళ్లారు. అక్కడొక క్రియోసోట్ పొద ఉండేది. వాన పడగానే ఎడారంతా ఒక వాసన వస్తుంది చూడు, ఆ వాసన ఇచ్చే పొద. అది వేళ్లతో సహా ఎండిపోయింది. నేను ఒక తలుపు రంగు కాపాడుకోవడానికి చేసిన పని అది. ఇప్పుడు ఆ చోటికి వెళితే బండి దిగాలనిపించదు.

ఎడారి నేల పైన కొన్నిచోట్ల నల్లగా, గరుకుగా, చిన్న చిన్న బుడిపెలతో ఒక పొర కనిపిస్తుంది. చూడటానికి మట్టే అనుకుంటాం. సయనోబాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి అల్లుకున్న పొర అది. గాలికి మట్టి ఎగరకుండా పట్టి ఉంచేదీ, గాలిలోని నత్రజనిని నేలకు అందించేదీ అదే. ఒక్క చక్రం దాని మీదుగా వెళితే మళ్లీ కుదురుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. యూటాలో కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ పార్కు వైపు వెళితే దాని మీద కాలు కూడా పెట్టవద్దని ఊరికే చెప్పరు. నా తలుపు మీద గీతకు ఒక సీసా రంగు చాలు. ఆ నేల మీద గీతకు నా జీవితకాలం సరిపోదు.

అందుకని అప్పటినుంచి దారి ఎంత ఉంటే అంతలోనే వెళతాను. దాటలేనంత ఇరుకైతే వెనక్కి వస్తాను. కొమ్మ నరకను. ఇక్కడి ఎడారి మొక్కలకు రాష్ట్ర చట్టం రక్షణ ఇచ్చింది, ఇవ్వకపోయినా నరకను. నా బండి కుడివైపు ఎన్ని గీతలు ఉన్నాయో నాకు తెలుసు. అప్పటినుంచి ఏ ఒక్క గీతనూ తప్పించుకోవడానికి దారి తప్పలేదు. దాన్ని గర్వమంటే గర్వమే అనుకో.

మొద్దు సొట్టలకు ఈ మాట వర్తించదు. రాయి మీద తొందరపడి గ్యాస్ తొక్కి బంపర్ మూల చితక్కొట్టుకున్నవారు దాన్ని కూడా పతకంలా చూపిస్తుంటారు. నాకది నచ్చదు. ముందు ఒక మనిషి నిలబడి చేతులతో దారి చూపిస్తే, అంగుళం అంగుళం చొప్పున వెళితే, అలాంటి దెబ్బల్లో పదింట తొమ్మిది తగలవు. ఒక సొట్ట వెనక చాలాసార్లు వినిపించుకోని ఒక మాట ఉంటుంది.

కొమ్మల దెబ్బ తగ్గించే ఉపాయాలు కొన్ని ఉన్నాయి. వెళ్లేముందు బండి కడుగు. దుమ్ము పట్టిన రంగు మీద కొమ్మ రాసుకుంటే గరుకుకాగితం పెట్టి తోమినట్టే. శుభ్రమైన రంగు మీద పాలో వెర్డే కొమ్మ ఊరికే జారిపోతుంది. పక్క అద్దాలు మడిచెయ్యి. కిటికీలు ఎత్తడం మరచిపోకు, పాప తల బయట పెట్టిందన్నావు, క్యాట్‌క్లా ముల్లు కంటికి తగిలితే ఏమవుతుందో ఆలోచించు. టైర్లలో గాలి 35 పీఎస్‌ఐ నుంచి 20కి దించితే బండి ఎగిరి పక్కకు జరగదు. అన్నిటికన్నా ముఖ్యం, నెమ్మది. వేగంగా వెళితే కొమ్మ కొరడాలా కొడుతుంది. నడక వేగంలో వెళితే వంగి, పక్కకు జారుతుంది. క్యాట్‌క్లా మాత్రం జారదు. దాని ముళ్లు పిల్లిగోళ్లలా వెనక్కి వంగి ఉంటాయి, పట్టుకుంటాయి. అక్కడ ఎవరైనా దిగి కొమ్మను పక్కకు పట్టుకోవాలి.

ఇంకొక మాట చెప్పాలనిపించింది. మన ఊళ్లలో చెరువు గట్ల మీద, రైలుకట్టల పక్కన సర్కారు తుమ్మ ఉంటుంది కదా. అది అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చిన చెట్టు. ఇక్కడి మెస్కీట్లు దాని దగ్గరి చుట్టాలు. నీ బండి మీద గీతలు గీసింది కొత్తవాళ్లు కాదు తమ్ముడూ. చిన్నప్పుడు మన కాళ్లలో దిగిన ముల్లు తాలూకువాళ్లే.


ఎత్తుసీమ (డెన్వర్, కొలరాడో):

కొండబాట గారు రాసింది చదివి నా మొదటి దెబ్బ గుర్తుకు వచ్చింది. నాది 2019 జీప్ రాంగ్లర్ రూబికాన్. మాకు కొలరాడోలో ముళ్లపొదలు తక్కువ, అంతా రాతి దారులు.

యూరే నుంచి టెల్యురైడ్ వెళ్లే ఇమోజీన్ కనుమ ఎత్తు 13,114 అడుగులు. పైనుంచి దిగుతుంటే ఒక మలుపులో ఎదురుగా పాత ట్రక్కు ఎక్కుతూ వచ్చింది. కొండదారుల్లో ఎక్కే బండికే దారి ఇవ్వాలి. మధ్యలో ఆగితే మళ్లీ ఎత్తందుకోవడం కష్టం, వెనక్కి జారితే ప్రమాదం. నేను కొండ గోడ వైపు ఉన్నాను, లోయ అంచున వెళ్లవలసింది ఆయన. ఆయనకు ఇంకొక అడుగు చోటు కావాలి. చోటు ఇవ్వాలంటే నేను గోడకు ఆనుకోవాలి.

ఆనుకున్నాను. కుడి తలుపు రాతికి ఒరుసుకుపోతుంటే స్టీరింగ్‌లోంచి చేతుల్లోకి తెలిసింది. ఆయన చక్రానికి, అంచుకు మధ్య చోటు మిగిలింది. దాటాక ఆయన ఆగి, దిగి వచ్చి, నా తలుపు చూసి, తలుపు మీద అరచెయ్యి పెట్టి కొంతసేపు నిలబడ్డారు. పెద్దాయన. ఏమీ అనలేదు, నమస్కారం లాంటిది చేసి వెళ్లిపోయారు.

ఆ తలుపు ఆరేళ్లయినా బాగు చేయించలేదు. నా బండి తలుపులు అల్యూమినియంవి, ఎర్ర తుప్పు భయం లేదు. సొట్ట తీయడం మాత్రం ఉక్కు రేకు కన్నా కష్టం, ఖర్చు ఎక్కువ. మా అత్తగారు వచ్చినప్పుడల్లా "ఆడపిల్ల బండి ఇలా ఉంటే చూసేవాళ్లు ఏమనుకుంటారమ్మా" అంటారు. ఆవిడకు ఆ కథ మొత్తం ఒకసారి కూర్చోబెట్టి చెప్పాను. అప్పటినుంచి ఆవిడే వచ్చినవాళ్లందరికీ ఆ సొట్ట చూపించి, ఆ పెద్దాయన సంగతి చెబుతున్నారు.

నల్లబండి గారూ, ఒక పనికొచ్చే మాట కూడా. ఇన్సూరెన్సు వారిని ముందే అడిగి పెట్టుకోండి. రాయికి కొట్టుకుంటే నా పాలసీలో అది కొలిజన్ కింద వస్తుంది, మొదటి 1,000 డాలర్లు నేనే పెట్టుకోవాలి. గీతలకు, చిన్న సొట్టలకు క్లెయిము వేసి ప్రీమియం పెంచుకోవడంలో అర్థం లేదు. రేడియేటర్, బ్రేకు గొట్టాలు, స్టీరింగ్ కడ్డీలు, వీటికి తగిలిన దెబ్బలే నేను లెక్కలోకి తీసుకుంటాను. యాత్ర ముగిశాక బండి కిందికి దూరి టార్చి వేసి చూడటం నాకు పూజతో సమానం. చాలామంది తలుపుల చుట్టూ తిరుగుతారు గానీ కిందికి వంగి చూడరు.


అద్దంరంగు (డాలస్, టెక్సస్):

పెద్దలు చెప్పినదాన్ని గౌరవిస్తూనే వేరే మాట చెబుతాను. నాకు గీతలంటే ఇష్టం లేదు. ఆ మాట ఇలాంటి చోట చెబితే, ఇక నీకు ట్రక్కు ఎందుకు, మాల్ చుట్టూ తిరుగు అంటారు. ఆ మాట పడ్డాను కాబట్టి రాస్తున్నాను.

నా టండ్రా ట్రక్కు నా కష్టార్జితం. మూడేళ్లకొకసారి అమ్మి మారుస్తాను, కొనేవాడు మొదట చూసేది తలుపులే. అందుకని పక్కలన్నిటికీ పారదర్శక ఫిల్మ్ వేయించాను. సుమారు 200 మైక్రాన్ల మందం, అంటే రంగు మొత్తం కన్నా మందం. సన్నటి గీతలు ఎండకు వాటంతటవే మానిపోతాయి. లోతుగా దిగిన ముల్లు ఫిల్మ్‌ను చీలుస్తుంది, అప్పుడు ఆ ఒక్క ముక్క మార్పిస్తాను. సెరామిక్ పూత వేయిస్తే గీతలు పడవని ఎవరైనా చెబితే నమ్మవద్దు. నీళ్లు, బురద అంటకుండా చేస్తుంది గానీ ముల్లును ఆపదు.

దారి ఇరుకైతే ఆగుతాను, దిగి నడిచి చూస్తాను, నచ్చకపోతే వెనక్కి తిప్పుతాను. చెట్టు పక్కనుంచి కొత్త దారి ఎప్పుడూ వెయ్యలేదు. అయినా వెనక్కి తిప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు బండ్ల మధ్య మాట్లాడుకునే రేడియోలో నవ్వుతారు. కొత్తగా వచ్చిన కుర్రాడు ఆ నవ్వుకు భయపడి, మనసు ఒప్పకపోయినా ముళ్లలోకి తోలాడంటే అది ఎవరి తప్పు? నల్లబండి గారికి ఆ రోజు నిజంగా వెళ్లాలని ఉందా, వెనక బండి ఉందని వెళ్లారా? ఆయన రాసింది చదివితే నాకు రెండోదే అనిపించింది.


కొండబాట (మెసా, అరిజోనా):

అద్దంరంగు గారూ, మీరు చెప్పింది నిజం. వెనక్కి తిప్పడం కూడా దారిని కాపాడటమే. నేను ముందు బండిలో ఉన్నప్పుడు ఇరుకు రాకముందే ఆపి, ఇక్కడినుంచి గీతలు పడతాయి, ఇష్టం లేనివారు తిరిగి వెళ్లే చోటు ఇదే అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. నల్లబండి తమ్ముడి విషయంలో ముందున్నవారు ఆ మాట చెప్పవలసింది.


మంచుసీమ (డెట్రాయిట్ దగ్గర, మిషిగన్):

అరిజోనా వారి మాటలు మాకు సగమే పనికొస్తాయి. మీకు ఎండ, పొడి గాలి. రేకు బయటపడినా తుప్పు నెమ్మదిగా వస్తుంది. మాకు నవంబరు నుంచి మార్చి దాకా రోడ్ల మీద ఉప్పే. రేకు కనిపించే గీతను శరదృతువులో వదిలేస్తే వసంతానికి రంగు కింద బుడగ లేస్తుంది, ఆ బుడగ గోకితే లోపల గోధుమరంగు పొడి. అందుకని నా నియమం ఒక్కటే, రేకు కనిపిస్తే ఆ వారంలోనే మూసెయ్యాలి.

సబ్బు నీళ్లతో కడగాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడవాలి. ప్రైమర్, రంగు, క్లియర్ కోట్, ఒక్కొక్కటీ పూర్తిగా ఆరాకే తరువాతది. సీసా మూతకు ఉండే కుంచె మొద్దుగా ఉంటుంది, దానితో వేస్తే గీత చీమంతది చీపురంత అవుతుంది. సన్నటి బొమ్మల కుంచె కొనుక్కోండి. అడుగున స్కిడ్ ప్లేట్, అంటే రాళ్ల దెబ్బలు కాచే రేకు, ఉంటే దాని పైన చిక్కుకున్న బురదను కూడా గొట్టం పెట్టి కడగండి, ఉప్పు దాక్కునేది అక్కడే.

నాన్నగారు రంగుల మనిషి అంటున్నారు కదా. ఆయన వచ్చేముందు వేరేవాళ్లతో వేయించడం ఎందుకండీ? ఆయననే అడగండి.


నల్లబండి (చాండ్లర్, అరిజోనా):

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీ అందరి మాటలూ మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. అద్దంరంగు గారు అడిగిందానికి జవాబు: అవును, వెనక బండి ఉందని వెళ్లాను. అది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

షాపుకు ఇవ్వలేదు. నాన్న వచ్చారు. విమానాశ్రయం పార్కింగ్‌లో సూట్‌కేసులు తొట్టిలో పెడుతుంటే ఆయన అప్పటికే కుడివైపు వెళ్లి నిలబడ్డారు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, వంగి, బొటనవేలి గోరుతో ఒక్కొక్క గీతను అడ్డంగా తడిమారు. ఇసుకతిన్నె అన్న చెప్పిన పనే. వెనక తలుపు పిడి కింద ఆగి, "రేకు తగలలేదు. ప్రైమర్ దాకా వచ్చింది" అన్నారు. అంతే. దారిలో అమ్మతో మాట్లాడుతూ వచ్చారు గానీ నన్ను ఏమీ అడగలేదు.

మరునాడు కాఫీ తాగుతూ ఆయనే మొదలుపెట్టారు. ఆటోనగర్‌కు వచ్చే లారీల్లో ఒక్కటి కూడా గీతలు లేకుండా వచ్చేది కాదట. చింతకొమ్మలు, వేపకొమ్మలు పైచెక్కలను గీకేసేవి, ఇరుకు సందుల్లో గోడలు పక్కచెక్కలను గీకేసేవి. యజమానులు వాటి జోలికి వెళ్లేవారు కాదట. తుప్పు పట్టే చోట మాత్రం అప్పటికప్పుడు రంగు పూయించుకుని, మిగతాదంతా దసరాకు వదిలేసేవారట. "దసరాకు బండి వచ్చిందంటే గీతలు చూసి, ఈ ఏడు ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేవాణ్ణి" అన్నారు. తరువాత మా పాప వాటర్‌కలర్ పెట్టెలోంచి సన్నటి కుంచె తీసుకుని, బ్లేడుతో ఇంకా కొన్ని వెంట్రుకలు కోసేసి, ఐదారు మాత్రం మిగిల్చారు. 218 సీసా నేను తెప్పించాను. ఆ రెండు గీతలను నింపడానికి ఆయనకు రెండు సాయంత్రాలు పట్టింది. డెబ్బై ఏళ్ల చెయ్యి, మొదట వణికింది. కుంచె రేకును తాకాక వణకలేదు. మిగతావి ముట్టుకోలేదు, "దసరాకు చూద్దాం" అన్నారు. అప్పటికి ఆయన విజయవాడలో ఉంటారు. అది గుర్తు చేయాలనిపించలేదు.

పోయిన శనివారం నాన్నను, పాపను తీసుకుని మళ్లీ బుల్‌డాగ్ కాన్యన్ వెళ్లాను. ముందురోజు బండి కడిగాను, టైర్లు 20కి దించాను. పాలో వెర్డేలన్నీ పూతకు వచ్చాయి. ఆకు కనిపించనంత పసుపు. బానెట్ మీద, అద్దం మీద పూరేకులు రాలుతూనే ఉన్నాయి, మా ఆవిడ చూసి ఉంటే మళ్లీ పూజ చేసినట్టుంది అనేది. ఆ వాగు మలుపు దగ్గర ఆపాను. వెనక ఎవరూ లేరు. వెళదామా, తిప్పుదామా అని నాన్నను అడిగాను.

ఆయన దిగారు. మెడలో తువ్వాలు తీసి కుడిచేతికి నాలుగు చుట్లు చుట్టుకుని, క్యాట్‌క్లా కొమ్మను మొదట్లో పట్టుకుని తన వైపు లాక్కున్నారు. ఒక్క ఆకు కూడా తెగకుండా, ఆవు మెడ తాడు పట్టుకున్నంత నెమ్మదిగా. "పోనివ్వు" అన్నారు. కిటికీలు ఎత్తి, అద్దాలు మడిచి, నడక వేగంలో పోనిచ్చాను. కుడివైపు చప్పుడు రాలేదు. ఎడమవైపు పట్టుకునేవారు లేరు, అక్కడ కొంచెం వినిపించింది. పాప చెవులు మూసుకోలేదు. పైకి ఎక్కాక వెనక్కి వెళ్లి చూస్తే, నాన్న ఇంకా అక్కడే నిలబడి తువ్వాలులో దిగిన ముళ్లను ఒక్కొక్కటిగా విడిపిస్తున్నారు. కొమ్మను ఊపుగా వదిలేయకుండా, ముందు ఎలా ఉందో అలా సర్ది వచ్చారు.

ఇంటికి వచ్చాక కడిగి చూశాను. ఎడమ ముందు తలుపు మీద జానెడు గీత ఒకటి కొత్తగా పడింది. గోరు పెట్టి చూశాను. జారిపోయింది.